పాత రైఫిలుకు కొత్త గొట్టము

వేట రైఫిలులో అన్నిటికంటె ముందుగా ముసలిదగు భాగము గొట్టము. మూడు తరముల చేతులు మారిన తుపాకిని పరీక్షించి చూడుడు. కొయ్యదిమ్మ చెక్కుచెదరక యుండును. తూటాను లోనికి త్రోసి మూయు బోల్టు నున్నగా నడచుచుండును. మీట నొక్కిన తోడనే పని చేయును. గొట్టము మాత్రము లోలోపల తినివేయబడి, గురి తప్పుచుండును. అప్పుడు యజమాని యెదుట రెండు ప్రశ్నలు నిలుచును. తుపాకిని మూలబెట్టవలెనా, గొట్టము మార్చవలెనా? మార్చుటకే నిశ్చయించినచో ఏ గొట్టమును ఎన్నుకొనవలెను?

ఇది కొలదిమంది వేటగాండ్రకు మాత్రమే సంబంధించిన విషయమని తోచవచ్చును. కాని గడచిన నూట ముప్పది యేండ్లకు పైగా గొప్ప రాజ్యముల సైనికశాఖలు సైతము ఈ ప్రశ్ననే ఎదుర్కొన్నవి. అవి చెప్పుకొన్న జవాబులలో కొన్ని చక్కగా నెరవేరినవి. కొన్నిటి వలన తుపాకి పట్టినవారి కన్నులు పోయినవి. ఆ చరిత్రను వరుసగా చూచినచో ఒక సత్యము తేటపడును. కొత్త గొట్టము ఎట్టిదై యుండవలెనో నిర్ణయించునది, మార్చక విడిచిన పాత భాగమే.

ముందుగా ఆ భాగములను పరిచయము చేసికొందము. బోల్టు అనగా తలుపు గడియ వంటిదే. దానిని వెనుకకు లాగి, ముందునకు త్రోసి, పిడిని క్రిందికి త్రిప్పినచో గొట్టము వెనుకనున్న ద్వారము బిగిసిపోవును. ఈ పద్ధతిని సైన్యములలో తొలుత ప్రతిష్ఠించిన ప్రష్యా దేశీయుడు డ్రైసే, తాళములు చేయు కుటుంబములో పుట్టినవాడగుట గమనింపదగినది. అతని తుపాకిని ప్రష్యా ప్రభుత్వము 1841లో స్వీకరించెను. బోల్టు కదలాడు ఉక్కు గూటిని రిసీవరు అందురు. గొట్టము వెనుకకొన మరలు గలిగి ఈ గూటి ముందుభాగమున బిగింపబడి యుండును. కనుకనే దానిని విప్పి మరియొకటి బిగించుట సాధ్యమగుచున్నది. గొట్టము వెనుకభాగమున తూటా కూర్చుండు గది కలదు. అచ్చటినుండి మూతి వరకును దుక్కిచాళ్ళ వంటి చాళ్ళు మెలికలుగా సాగును. ఆ మెలి గుండును బొంగరము వలె త్రిప్పును. తిరుగు గుండు తిన్నగా పోవును.

గొట్టము చచ్చుట రెండు విధములు. మొదటిది నిప్పు. ప్రతి పేల్పుతోను మిక్కిలి వేడి గల వాయువులు గది ముందున్న గొంతు భాగమును నాకి, చాళ్ళ ఆరంభమును అరగదీయును. రెండవది తుప్పు. వేటగాడు ఏటికి పది, ఇరువది తూటాలకంటె ఎక్కువ కాల్చడు. కావున అతని గొట్టము నిప్పుచే చచ్చుటకు ముందే తుప్పుచే చచ్చుట సాధారణము. వెనుకటి తూటాల అడుగునుండు టోపీలలో పొటాసియము క్లోరేటు వాడుచుండిరి. అది పేలి, ఉప్పు వంటి పదార్థమును గొట్టములో విడుచును. వానకాలమున ఉప్పుజాడీ చెమర్చునట్లు ఆ పదార్థము గాలిలోని తేమను పీల్చి ఉక్కును తినును. నూనె గుడ్డతో ఎంత తుడిచినను ప్రయోజనము లేకుండెను. ఏలయనగా ఉప్పు నూనెలో కరగదు. చాలకాలము జనులు ఉక్కులోనికి దూరిన వాయువులే తిరిగి చెమటగా వెలువడుచున్నవని భ్రమపడిరి. అమెరికా ప్రభుత్వ గనులశాఖకు చెందిన హఫ్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1922లో అసలు కారణమును ఉప్పుగా నిరూపించెను. మందు ఏదో తెలియకున్నను అనుభవము వలన బ్రిటిషు సైనికులు అంతకు ముందే గొట్టములో మరుగునీరు పోసి కడుగుచుండిరి. మన దేశపు వర్షాకాలమున ఆ పని మరచిన గొట్టమునకు ఆయువు కొన్ని దినములే.

ఇక చరిత్ర. గొట్టమును మార్చి బోల్టును నిలుపుకొన్న పెద్ద ఉదాహరణము బ్రిటిషు సైన్యపు రైఫిలు. 1888లో ఆ సైన్యము లీ-మెట్ఫర్డు అను తుపాకిని స్వీకరించెను. బోల్టు, తూటాల పెట్టె జేమ్సు పారిస్ లీ కల్పన. అతడు స్కాట్లండున పుట్టి ఉత్తర అమెరికాకు వలసపోయినవాడు. గొట్టములోని చాళ్ళు విలియం మెట్ఫర్డు అను ఇంగ్లీషు ఇంజనీరు కల్పన. ఆ కాలపు నల్లమందు పేలిన ప్రతిమారును మసి విడుచుచుండెను. మసి పట్టకుండుటకై మెట్ఫర్డు తన ఏడు చాళ్ళను లోతు లేకుండ, అంచులు గుండ్రముగా ఉండునట్లు తీర్చెను. నల్లమందునకు అంతకంటె తగిన గొట్టము లేదనవచ్చును.

అయితే కాలము మారినది. ఫ్రాన్సులో వియే అను రసాయన శాస్త్రజ్ఞుడు 1884లో పొగలేని మందును కనిపెట్టెను. బ్రిటనులో ఏబెల్, డ్యూయర్ అను ఇరువురు 1889లో కార్డైటు అను మందును సిద్ధము చేసిరి. దానిలో నైట్రోగ్లిసరిను నూటికి 58 పాళ్ళు. దాని వేడి మిక్కుటము. మసికి తగినట్లు తీర్చిన లోతులేని చాళ్ళను ఆ వేడి త్వరలోనే తుడిచివేసెను. దోషము లీ చేసిన బోల్టులో లేదు. మెట్ఫర్డు లెక్కలోను లేదు. గొట్టము ఒక మందు కొరకు పుట్టి, మరియొక మందు పాలబడినది. అప్పుడు ఎన్ఫీల్డు కర్మాగారమువారు ఐదు చాళ్ళను, లోతుగా, అంచులు నిలువుగా కోసి కొత్త గొట్టమును చేసిరి. 1895లో అదే బోల్టు, అదే .303 తూటా, ఈ కొత్త గొట్టముతో కూడి లీ-ఎన్ఫీల్డు అను పేర ప్రసిద్ధి కెక్కెను. గొట్టపు చాళ్ళను బట్టియే తుపాకి పేరు మారుట ఇచ్చట చూడనగును. ఇరువదవ శతాబ్ది తొలి యేండ్లలో కార్డైటులోని నైట్రోగ్లిసరినును కూడ 30 పాళ్ళకు తగ్గించి గొట్టముల ఆయువును పెంచిరి.

రెండవ పాఠము జర్మనీది. అచ్చటి 1888 నాటి సైనిక తూటాను 8 మిల్లీమీటర్ల తూటా అందురు. దాని గుండు నిజముగా 8.1 మిల్లీమీటర్ల లావు. 1905 ప్రాంతమున సైన్యము మొనదేలిన కొత్త గుండును ప్రవేశపెట్టినప్పుడు దాని లావు 8.2 మిల్లీమీటర్లు దాటినది. తేడా ఒకటి రెండు తలవెండ్రుకల మందము. తూటా ఆకారము మారలేదు. పాత గదిలో కొత్త తూటా పట్టును. కాని సన్నని గొట్టములోనికి లావు గుండును త్రోయుట వలన లోపలి ఒత్తిడి ప్రమాదకరముగా పెరుగును. వేట తుపాకులు చేయువారు పెక్కేండ్లు పాత కొలతను విడువలేదు. కనుక నేటికిని ఐరోపాలో ఈ రెండు తూటాలకు వేరువేరు గుర్తులు ఉంచుచున్నారు. పాత జర్మను రైఫిలుకు గొట్టము వేయువాడు పెట్టె మీది అంకెను నమ్మక, గొట్టము లోపలి లావును కొలిపించవలెనని చెప్పుట ఇందువలననే.

మూడవ పాఠము అమెరికాది. ఇది అన్నిటికంటె కఠినమైనది. స్ప్రింగుఫీల్డు ఆయుధశాలవారు 1903లో ఒక రైఫిలును సిద్ధపరచిరి. మూడేండ్లు తిరిగిన కొలదికాలమునకే, బరువైన మొండి గుండునకు బదులు తేలికైన, మొనదేలిన గుండు గల తూటాను ఆ సైన్యము ఎన్నుకొనెను. అదియే నేటికిని వేటగాండ్రు వాడు .30-06. అంతవరకు తయారైన గొట్టముల గొంతులు పాత గుండునకు తగినట్లు పొడవుగా ఉండెను. వారు ఆ గొట్టములను పారవేయలేదు. విప్పి, వెనుకకొనను అంగుళములో ఐదవ వంతు కోసి, గదిని తిరిగి తొలిచి బిగించిరి. గొంతు మాత్రమే చెడిన గొట్టమునకు ఇది నేటికిని చవకయైన చికిత్స. గొట్టము కొనుటకు ముందు, ఉన్న గొట్టమును వెనుకకు జరిపి బ్రతికింపవచ్చునేమో విచారించుట తెలివి.

ఆ తుపాకిలోనే మరియొక లోపము దాగియుండెను. ఉక్కు గూళ్ళను కొలిమిలో కాల్చి పదును పెట్టునప్పుడు వేడి చాలినదో లేదో పనివాండ్రు కంటితో చూచి నిర్ణయించుచుండిరి. 1917లో కొన్ని తుపాకులు పగిలిపోగా విచారణ జరిగెను. ఎండ కాయు దినమున పనివాని కంటికి ఇనుము చల్లగా కనబడుచుండుటచే, మబ్బు దినముకంటె 300 డిగ్రీల ఫారెన్‌హీటు వరకు అధికముగా కాల్చుచుండిరని ఉష్ణమాపకములు వెల్లడించెను. అట్లు మాడిన ఉక్కు పెళుసై, దెబ్బకు గాజు వలె చిట్లును. స్ప్రింగుఫీల్డులో సుమారు 8 లక్షలు, రాక్ ఐలండులో 2 లక్షల 85 వేల గూళ్ళు ఆ పాత పద్ధతిలో తయారైనవే. 1918లో పదును పెట్టు విధానమును మార్చిరి. వెనుకటివానిలో ఏది మంచిదో ఏది చెడ్డదో పైకి తెలియదు. అట్టి గూటికి ఎంత మేలైన కొత్త గొట్టమును తొడిగినను దాని పెళుసుతనము పోదు. నిపుణులు ఆ తుపాకులను పేల్చవద్దనియే నేటికిని చెప్పుదురు. గోడ నెరియలు బారిన ఇంటికి కొత్త తలుపు పెట్టించిన చందమే అది.

ఇప్పుడు వేట రైఫిలుల వంక మరలుదము. లండనులో తుపాకులు చేయు రిగ్బీ వంశీయుడైన జాన్ రిగ్బీ 1887 మొదలు 1894 వరకు ఎన్ఫీల్డు కర్మాగారమునకు అధిపతిగా ఉండి, లీ-మెట్ఫర్డు పుట్టుకను దగ్గరనుండి చూచినవాడు. అటుపిమ్మట అతని సంస్థ జర్మనీలోని ఓబెర్న్డార్ఫునుండి మౌజరు గూళ్ళను తెప్పించి, వానికి తనకు నచ్చిన గొట్టములను బిగించి అమ్మసాగెను. జర్మను సైన్యము 1898లో స్వీకరించిన మౌజరు యాక్షను అంతటి దృఢమైనది. బోల్టు ముందున్న రెండు పెద్ద కొమ్ములు గూటిలో చిక్కుకొనగా, వెనుకనున్న మూడవది కాపుదలగా ఉండును. 7 మిల్లీమీటర్ల సన్నని గొట్టము మొదలు ఏనుగులను కొట్టు లావు గొట్టము వరకు దానికి పలువిధములుగా బిగించిరి.

ఇచ్చట కూడ గొట్టము ఎన్నికలో స్వేచ్ఛకు హద్దులు కలవు. మౌజరు వారి 7×57 తూటా మొత్తము పొడవు సుమారు 78 మిల్లీమీటర్లు. అడుగు లావు 12 మిల్లీమీటర్లు. రిగ్బీ సంస్థ 1911లో వెలువరించిన .416 తూటా సుమారు 95 మిల్లీమీటర్ల పొడవు, 15 మిల్లీమీటర్ల లావు గలది. మొదటిదానికై చేసిన గూటిలో రెండవదాని గొట్టమును బిగించినంత మాత్రమున పని జరుగదు. తూటా పెట్టెలో పట్టదు. బోల్టు ముఖమున కుదురుకొనదు. అందుకే ఆ తూటా కొరకు మౌజరు వారి పొడవైన ప్రత్యేక యాక్షను వాడవలసి వచ్చెను. ఒకే అడుగు లావు, సరిపడు పొడవు, యాక్షను ఓర్వదగిన ఒత్తిడి: ఈ మూడును కలిసిన తూటాలలోనే కొత్త గొట్టమును వెదకవలెను.

తూటా నిశ్చయమైన పిమ్మట మెలి సంగతి. గుండు ఎంత పొడవైనచో మెలి అంత బిగువుగా ఉండవలెను. దీనికి ఇంగ్లీషు గణితశాస్త్రజ్ఞుడు గ్రీన్‌హిల్ 1879లో ఒక సులభ సూత్రమును చెప్పెను. గుండు పొడవు దాని లావునకు ఎన్ని రెట్లో చూచి, ఆ సంఖ్యతో 150ని భాగింపవలెను. వచ్చిన ఫలమునకు గుండు లావును హెచ్చవేసినచో, ఎంత దూరములో ఒక చుట్టు తిరుగవలెనో తెలియును. .308 అంగుళముల లావు గల గుండు దానికి నాలుగు రెట్లు పొడవున్నదనుకొందము. 150ని 4చే భాగింపగా 37½. అనగా సుమారు 11½ అంగుళములకు ఒక చుట్టు చాలును. స్ప్రింగుఫీల్డు గొట్టమునకు 10 అంగుళములకు ఒక చుట్టు ఉంచిరి. అది మొదట వాడిన పొడవైన బరువు గుండును సైతము నిలుపుటకు తగినది. బరువు గుండును వాడదలచినవాడు వదులు మెలి గల గొట్టమును కొన్నచో గుండు దారిలో తడబడి అడ్డముగా తగులును. గొట్టము పొడవైనచో వేగము కొంత హెచ్చును గాని పొదలలో చిక్కును. లావైనచో గురి నిలుకడగా ఉండును గాని కొండలెక్కువాని భుజమును క్రుంగదీయును. వీనిలో దేనిని ఎన్నుకొన్నను అది యజమాని ఇష్టము. ప్రాణమునకు ముడిపడిన కొలత వేరొకటి ఉన్నది.

అది బోల్టు ముఖమునకును, గదిలో తూటా ఆగు చోటునకును మధ్యనున్న దూరము. దానిని హెడ్‌స్పేసు అందురు. .303 వంటి తూటా తన అడుగు అంచు తగిలి ఆగును. 7×57 వంటిది భుజము తగిలి ఆగును. ఈ దూరము హెచ్చైనచో పేలిన క్షణమున ఇత్తడి తొడుగు సాగి తెగును. మండుచున్న వాయువు వెనుకకు, అనగా కాల్చువాని ముఖము మీదికి వచ్చును. అందువలన గొట్టము బిగించిన పనివాడు రెండు ఉక్కు కొలతబిళ్ళలతో పరీక్షించును. ఒకదానిపై బోల్టు మూసికొనవలెను, రెండవదానిపై మూసికొనరాదు. ఈ పరీక్ష కాని గొట్టము ఎంత వెలగలదైనను పనికిరాదు.

వెనుకద్వారము వదులైన తుపాకి ఎట్టిదో జిమ్ కార్బెట్ అనుభవమున చూడవచ్చును. 1907లో కుమావూను కొండలలో చంపావత్ ఆడపులిని వెంటాడినప్పుడు అతని రైఫిలు తూటాలు అయిపోయెను. అతడు తహసీలుదారు చేతిలోని జోడుగొట్టముల తుపాకిని తీసికొని పరుగెత్తెను. తీరా చూచినచో గొట్టములకు, వెనుక దిమ్మకు మధ్య సుమారు 3/8 అంగుళము సందు కనబడెను. పేల్చినచో కన్నులు పోవచ్చునని ఎరిగియే అతడు పేల్చెను; దైవవశమున బ్రతికెను. 436 మందిని చంపినదని లెక్కకు వచ్చిన ఆ పులి నోటిని పరీక్షింపగా కుడివైపు కోరలు పైనొకటి, క్రిందనొకటి విరిగియుండెను. ఎవరో ఎప్పుడో కాల్చిన గుండు వాటిని విరుగగొట్టుట చేతనే సహజమైన ఆహారమును వేటాడలేక అది మనుష్యులపై బడెనని కార్బెట్ వ్రాసెను. గురి తప్పిన ఒక్క గుండు ఎన్ని గ్రామములకు శోకము తెచ్చినదో ఆలోచింపుడు. అరిగిన గొట్టమును మార్చుట వినోదము కొరకు కాదని దీనివలన తెలియును. ఆ పులిని చంపినందులకు సంయుక్తరాష్ట్రముల లెఫ్టినెంటు గవర్నరు హ్యూయెట్ అతనికి బహూకరించినది రిగ్బీ వారి .275 రైఫిలు: మౌజరు యాక్షను, 7×57 తూటాకు తగిన గొట్టము.

మన దేశమున గొట్టము ఎన్నికకు మరియొక యజమాని కలడు, అది శాసనము. సైన్యపు .303 తూటా అనధికారుల చేతికి చిక్కరాదని బ్రిటిషు ప్రభుత్వము ఆ కొలతను పౌరులకు నిషేధించెను. అప్పుడు తుపాకులు చేయువారు అదే లీ బోల్టునకు ఆస్ట్రియా దేశపు 8 మిల్లీమీటర్ల తూటాకు తగిన గొట్టమును అమర్చిరి. అదియే .315 అను పేర ఇండియాలో వ్యాపించెను. ఇంగ్లండులో బి.ఎస్.ఏ. వారును, తరువాత బెంగాలులోని ఇషాపూరు కర్మాగారమువారును దానిని తయారుచేసిరి. ఆ తూటా పుట్టిన దేశమున మరుగుపడినను మన దేశమున నిలిచినది. 1962 చైనా యుద్ధము తరువాత ఇషాపూరు వారికే మరియొక పరీక్ష ఎదురయ్యెను. సైన్యమునకు 7.62 మిల్లీమీటర్ల కొత్త తూటా వచ్చినది, దాని ఒత్తిడి.303కంటె హెచ్చు. వారు పాత గూటికి కొత్త గొట్టము తొడిగి ఊరకుండలేదు. గూటికి వాడు ఉక్కునే మేలైనదానిగా మార్చి, తూటాల పెట్టెను వేరుగా తీర్చి, 2ఏ అను రైఫిలును వెలువరించిరి. అమెరికా వారు నష్టపోయి నేర్చిన పాఠమును ఇచ్చట ముందుగానే పాటించిరనవచ్చును.

1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేనివాడు తుపాకిని మరమ్మతు చేయుటగాని, మార్చుటగాని నేరము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వినోదపు వేటకు మన దేశమున కాలము చెల్లినది. అయినను తాతల నాటి రైఫిళ్ళు లైసెన్సులతో కొన్ని ఇండ్లలో ఉన్నవి. గురి పోటీలకు వెళ్ళువారును ఉన్నారు. ఇతర దేశములలో వేట సాగుచునే యున్నది. అట్టి తుపాకికి గొట్టము మార్పించదలచినవాడు అంగడికి పోకమునుపు నాలుగు ప్రశ్నలు వరుసగా వేసికొనవలెను. మొదటిది, గూడును బోల్టును దృఢమైనవని ఎరిగినవాడు పరీక్షించి చెప్పెనా? రెండవది, వాటికి సరిపడు తూటా ఏది. అది ఈ దేశమున చట్టసమ్మతమై, దొరకునదేనా? మూడవది, ఆ తూటాలో ఏ బరువు గుండును వాడుదును. దానికి ఎంత మెలి కావలెను? నాలుగవది, బిగించిన పిమ్మట రెండు కొలతబిళ్ళలతో పరీక్షించి, చట్టప్రకారము లైసెన్సు గలవాడే ఇచ్చునా? పొడవు, బరువు, నగిషీ మొదలైనవాని విచారణ వీని తరువాతనే. మొదటి ప్రశ్నకు తృప్తికరమైన జవాబు లభింపనిచో, ఆ తుపాకిని గోడకు తగిలించి గతకాలపు గురుతుగా చూచుకొనుట క్షేమము.